'ఊరికే కాన్పు చేస్తున్నాం కదా' అన్నారు

ప్రశ్న: సిస్టరమ్మా, మా చెల్లెలి తొలికాన్పు సర్కారు దవాఖానలో అయింది. నొప్పులకు తాళలేక అరిస్తే తొడ మీద చరిచారట. 'ఊరికే కాన్పు చేస్తున్నాం కదా, ఇంకేం కావాలి' అన్నారట. అమ్మను లోపలికి రానివ్వలేదు. బాబును చూపించడానికి ఆయా వెయ్యి రూపాయలు తీసుకుంది. ఇంట్లోవాళ్లు 'తల్లీబిడ్డా క్షేమంగా వచ్చారుగా, వదిలెయ్' అంటున్నారు. వదిలేయాలా?
– ఒక అక్క, జనగామ జిల్లా

జవాబు: వద్దు తల్లీ. ముందు నా సంగతి చెప్పనీ. కాన్పుల గదిలో 31 ఏళ్లు పనిచేశాను. మొదట్లో నేనూ చరిచాను. సీనియర్లు చేస్తుంటే అదే పని అనుకున్నా. రాత్రికి ఇద్దరు నర్సులం, బల్లలన్నీ నిండి ఉండేవి. నిజమే, కానీ నొప్పులు పడే పిల్లకు మా డ్యూటీ చార్టుతో ఏం పని? రెండో కాన్పుకు వచ్చినామె ఒకరు నన్ను గుర్తుపట్టి, బల్ల ఎక్కకముందే 'అరవను సిస్టర్, కొట్టకు' అంది. నాకు ఆమె ముఖం గుర్తులేదు. ఆమెకు నా చెయ్యి గుర్తుంది.

ఇక ఆ 'ఊరికే' మాట. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రానూపోనూ బండి అన్నీ ఉచితం. ఎవరి జేబులోంచీ ఇస్తున్నది కాదు. శాంతిదేవి అనే పేదరాలు 2010 జనవరిలో ఇంట్లోనే ప్రసవించి చనిపోతే, ఆ ఏడాది జూన్‌లో ఢిల్లీ హైకోర్టు తల్లి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, కుటుంబానికి పరిహారం ఇప్పించింది. మీ ఆయాకు ఇదంతా తెలియకపోవచ్చు, సూపరింటెండెంటుకు తెలుసు.

అమ్మను ఆపడమూ తప్పే. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. శుభ్రమైన బట్టలతో రావాలి, అంటురోగాలు ఉండకూడదు, సిబ్బంది పనికి అడ్డురాకూడదు, ఇలాంటివే షరతులు. పక్కన అమ్మ చెయ్యి పట్టుకుని ఉంటే అరుపులు తగ్గుతాయి, చరిచే చేతులూ ఆగుతాయి. నేను చూశాను.

ఇది మర్యాద గొడవేనని ఇంట్లో తీసిపారేయనివ్వకు. ఒకసారి అవమానపడ్డామె మళ్లీ నొప్పులొస్తే దవాఖాన అంటే వెనకాడుతుంది. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే గంటల్లోనే ప్రాణం పోతుంది. అప్పుడు ఆ ఆలస్యమే చంపుతుంది.

అయితే ముందు చెల్లిని అడుగు. పచ్చి బాలింత, ఆమె ఇష్టపడితేనే ఫిర్యాదు కాగితం కదపాలి. తేదీ, రాత్రా పగలా, ఎవరు ఏమన్నారు, ఎంత తీసుకున్నారు, ఆమె మాటల్లోనే రాయండి. ఒకటి సూపరింటెండెంటుకు, ఇంకొకటి జిల్లా వైద్యాధికారికి. నకలు మీద ముద్ర వేయించుకోకుండా మాత్రం బయటికి రావద్దు.