జూలైలో మిరిస్సా: వాన కంటే సముద్రం సంగతి చూసుకోండి

జూలైలో సెలవులు దొరికాయి, ఇద్దరు పిల్లలతో శ్రీలంకలోని మిరిస్సా వెళ్దామనుకుంటున్నాం, వానలకి ట్రిప్ పాడైపోతుందా అని అడిగారు. ఆ ఊరిని నేను జనవరిలోనూ చూశాను, జూలైలోనూ చూశాను. వానల గురించి అంత టెన్షన్ అక్కర్లేదండీ. చూసుకోవాల్సింది సముద్రం సంగతి.

నైరుతి రుతుపవనాలు మే నుంచి సెప్టెంబర్ దాకా ఆ దక్షిణ తీరాన్ని నేరుగా తాకుతాయి, నిజమే. కానీ అక్కడ వాన గట్టిగా పడేది మే నెలలోనూ, మళ్ళీ అక్టోబర్, నవంబర్‌లలోనూ. జూలైలో నేనున్నప్పుడు ముసురు పట్టిన రోజులు తక్కువే. పొద్దున్నే ఎండ కాసేది. ఉన్నట్టుండి కొబ్బరి చెట్ల వెనక మబ్బు కమ్ముకుని, రేకుల కప్పు మీద మాట వినపడనంతగా దంచికొట్టేది. టీ తాగి లేచేసరికి మళ్ళీ ఎండే. ఆరేసిన తువ్వాళ్ళు మాత్రం ఊరొదిలేదాకా ఆరలేదు! ఇక ఉక్కపోత ఏ నెలలో వెళ్ళినా తప్పదు, ఏడాది పొడవునా పగలు 30 డిగ్రీలకి అటూ ఇటూనే.

సముద్రం అలా కాదు. ఒడ్డుకి దగ్గర్లో ప్యారట్ రాక్ అని ఒక గుట్ట ఉంటుంది. జనవరిలో నీళ్ళు తగ్గినప్పుడు జనం మోకాలి లోతులో నడుచుకుంటూ దాని దగ్గరికి వెళ్ళిపోతున్నారు. జూలైలో అదే చోట అలలు గుట్టకేసి కొట్టి నురగలు పైకి లేస్తుంటే దగ్గరికి పోయినవాళ్ళే లేరు. చీలమండల దాకా దిగినా వెనక్కి పోయే నీళ్ళు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తాయి. నీళ్ళు కూడా మట్టిరంగే. ఎర్ర జెండా కనిపిస్తే పిల్లల్ని అస్సలు దింపకండి. నీలి తిమింగలాలని చూపించే పడవలకి కూడా అక్కడ సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే.

అసలు శ్రీలంకకి ఏ నెలలో వెళ్ళాలి అన్నదాని కంటే ఏ వైపు వెళ్ళాలి అన్నది ముఖ్యం. నైరుతి మేఘాలని మధ్యలో ఉన్న కొండలు అడ్డుకోవడంతో ఆ నెలల్లో తూర్పు తీరం పొడిగా, ఎండగా ఉంటుంది. చలికాలంలో ఈశాన్య రుతుపవనాలు వచ్చినప్పుడు కథ తిరగబడుతుంది. కాబట్టి పిల్లలు నీళ్ళలో ఆడుకోవాలంటే మీకు ట్రింకోమలీ పక్కన ఉన్న నీలావెలి సరిపోతుంది. జూలైలో అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, పడవెక్కి పిజన్ ఐలాండ్‌కి పోతే పగడపు దిబ్బలు చూడొచ్చు. తూర్పునే ఉన్న అరుగమ్ బే కూడా ఆ నెలలో మంచి జోరు మీద ఉంటుంది కానీ, అది సర్ఫింగ్ వాళ్ళ ఊరు, చిన్నపిల్లలతో నేనైతే వెళ్ళను.

ఇదంతా విన్నాక కూడా మిరిస్సాకే మనసు లాగుతుందా? నీళ్ళలో దిగాలన్న పట్టుదల లేకపోతే హాయిగా వెళ్ళండి. సీజన్ కాదు కాబట్టి జనం పల్చగా ఉంటారు, గదులు సులువుగా దొరుకుతాయి. తంబిలి అనే నారింజ రంగు కొబ్బరిబోండాం తాగుతూ అలలు చూస్తూ కూర్చోవడం నాకు జనవరి రద్దీ కంటే జూలైలోనే నచ్చింది. ఒక పూట గాల్ కోటకి పోయి రావచ్చు. పౌర్ణమి రోజు శ్రీలంక అంతా పోయ అనే బౌద్ధుల సెలవు, మద్యం అమ్మరు. మీకు దాంతో పనుంటే క్యాలెండర్ చూసుకోండి.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి రైల్లో వెళ్తే వెలిగామలో దిగి ఆటో పట్టుకోండి, మిరిస్సా స్టేషన్ చిన్నది, అన్ని రైళ్ళూ ఆగవు. రైలు వెళ్ళే దిక్కుకి కుడివైపు కిటికీ పట్టుకుంటే చాలా దూరం సముద్రం పక్కనే వస్తుంది.