స్టేషన్ నుంచి గేటు ఎంత దూరం?

ప్రశ్న: మేడమ్, నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ని. నాకు 62, మా ఆవిడకు 58. వచ్చే జూన్‌లో పారిస్ వెళ్తున్నాం. అక్కడి నుంచి లువార్ నది లోయలోని రాజుల కోటలు చూడాలని కోరిక. ఆరు రోజులు పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి మాత్రం "కారు అద్దెకు తీసుకోకపోతే అక్కడ ఏమీ చూడలేరు నాన్నా, కోటలన్నీ పల్లెల్లో ఉంటాయి" అంటున్నాడు. నల్లగొండ నుంచి హైదరాబాద్ దాకా నేనే నడుపుతాను గానీ, పరాయి దేశంలో రోడ్డుకు కుడివైపు నడపాలంటే టెన్షన్‌గా ఉంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కారు లేకుండా కుదురుతుందా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: కుదురుతుంది సార్, నిశ్చింతగా వెళ్లిరండి. 2019 సెప్టెంబరులో, మా అమ్మాయి తూర్ పట్టణంలో చదువుకుంటున్నప్పుడు నేనూ మావారూ అక్కడ పది రోజులున్నాం. ఒక్కసారి కూడా కారు ఎక్కలేదు. ముప్పై ఏళ్లు కాలేజీలో యూరప్ చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఆ కోటల మెట్లు నా కాళ్లతో ఎక్కాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. అప్పుడు రాసుకున్న నోటుబుక్కు ముందు పెట్టుకునే మీకు జవాబు రాస్తున్నాను.

మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. ఆ లోయలో కోటలు చాలా ఉన్నాయి, వాటిలో ఎన్నింటికో రైలూ లేదు, బస్సూ లేదు. కానీ ఆరు రోజుల్లో మీరు తీరిగ్గా చూడగలిగేవి నాలుగో ఐదో. వాటిని పేరు ప్రఖ్యాతులు చూసి కాదు, రైల్వే స్టేషన్ నుంచి కోట గేటు ఎంత దూరమో చూసి ఎంచుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి వెంట ఉన్నప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సిన లెక్క అదే.

మకాం తూర్‌లో పెట్టండి, స్టేషన్‌కు దగ్గర్లో. రోజుకో ఊరు మారుతూ పెట్టెలు మోసుకు తిరగొద్దు. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి వేగంగా వెళ్లే టీజీవీ రైలు గంటా పావులో చేరుస్తుంది. అయితే కొన్ని టీజీవీలు తూర్ దాకా రావు, పక్కనే ఉన్న సాన్-పియేర్-దె-కోర్ అనే స్టేషన్‌లో ఆగి ముందుకు పోతాయి. కంగారు పడకండి. అక్కడి నుంచి తూర్‌కు చిన్న రైలు ఉంటుంది, ఐదు నిమిషాల ప్రయాణం. పారిస్ విమానాశ్రయం నుంచే నేరుగా సాన్-పియేర్-దె-కోర్‌కు వచ్చే రైళ్లు కూడా కొన్ని ఉన్నాయి. దిగాక తూర్ స్టేషన్ ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. పారిస్‌లో ఇప్పుడు ఓర్సే మ్యూజియంగా ఉన్న పాత స్టేషన్‌ను కట్టిన విక్టర్ లలూ దీన్నీ కట్టాడు.

మొదటి రోజు షెనొన్సో వెళ్లండి. తూర్ నుంచి లోకల్ రైలులో అరగంట. దిగిన చోటి నుంచి కోట గేటుకు ఐదు నిమిషాలు కూడా నడవక్కర్లేదు. షేర్ నది మీద వంతెన, ఆ వంతెన మీద అంతస్తులు. నీళ్లలో నిలబడ్డ ఇల్లు అది. దాన్ని కట్టించి కాపాడుకున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. 16వ శతాబ్దం మొదట్లో భర్త యుద్ధాల్లో ఉంటే పని దగ్గరుండి చూసుకున్నది కాతరీన్ బ్రిసొనే. రాజు రెండో హెన్రీ దాన్ని తన ప్రేయసి డయాన్‌కు ఇస్తే ఆమె నది మీద వంతెన వేయించింది. 1559లో రాజు పోగానే రాణి కాతరీన్ డి మెడిచి కోటను వెనక్కి తీసుకుని, ఆ వంతెన మీదే 60 మీటర్ల పొడవైన హాలు కట్టించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ హాలే ఆసుపత్రి అయింది. రెండో యుద్ధంలో ఈ నదే సరిహద్దు: కోట ముందు గుమ్మం జర్మన్ల ఆక్రమణలో ఉంటే, హాలు చివరి తలుపు అవతలి ఒడ్డున స్వేచ్ఛా ప్రాంతంలోకి తెరుచుకునేది. ఆ తలుపు దగ్గర నిలబడినప్పుడు నాకు మాట రాలేదు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఒక తలుపుకు అంత బరువు ఉంటుందని అనుకోలేదు.

అక్కడే పొరపాటూ చేశాం. తోటలో కూర్చుని టైము మరిచిపోయి మధ్యాహ్నం రైలు అందుకోలేకపోయాం. తర్వాతిది దాదాపు రెండు గంటలకు. కౌంటర్‌లో అడుగుదామంటే మనిషి లేడు. సంచిలో సకినాలున్నాయి కాబట్టి సరిపోయింది. నాగార్జునకొండకు వెళ్లినప్పుడు చివరి లాంచీ ఎన్నింటికో ముందే కనుక్కుంటాం కదా, ఇక్కడా అంతే. కోటలోకి వెళ్లే ముందే తిరుగు రైళ్ల టైములు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆదివారాలు రైళ్లు ఇంకా తక్కువ.

ఇంకో మాట. టైం టేబుల్లో కొన్ని సర్వీసుల పక్కన 'కార్' అని ఉంటుంది. ఫ్రెంచిలో కార్ అంటే బస్సు సార్! రైలుకు బదులు బస్సు నడుస్తుందని అర్థం. ప్లాట్‌ఫారం మీద కాదు, స్టేషన్ బయట నిలబడాలి. టికెట్ మీద 'వాత్యూర్' అని ఉంటే అది బోగీ నంబరు.

మరో రెండు రోజులకు అంబువాజ్, బ్లువా ఊళ్లలోని కోటలు. రెండూ తూర్ నుంచి ఒకే లైను మీద ఉంటాయి. అంబువాజ్ ఇరవై నిమిషాలు, బ్లువా ముప్పావు గంట లోపే. అంబువాజ్‌లో స్టేషన్ ఒక ఒడ్డున, కోట అవతలి ఒడ్డున. వంతెన దాటి ఇరవై నిమిషాలు నడవాలి, మా వారికి కూడా కష్టమైంది. మీ ఆవిడ కోసం హోటల్ వాళ్లతో చెప్పించి ముందే టాక్సీ మాట్లాడుకోండి. స్టేషన్ బయట టాక్సీలు మన ఆటోల్లా వరుసగా నిలబడి ఉంటాయని అనుకోవద్దు. కోటలోని చాపెల్‌లో, అంటే చిన్న ప్రార్థనా మందిరంలో, లియొనార్డో డా విన్చీ సమాధి ఉంది. రాజు మొదటి ఫ్రాన్సిస్ పిలిస్తే 1516లో వచ్చి, దగ్గర్లోనే క్లో లూసే అనే ఇంట్లో ఉండి, 1519 మే 2న అక్కడే కన్నుమూశాడు. మేం వెళ్లింది సరిగ్గా 500 ఏళ్లు నిండిన ఏడాది. ఆ కోట బురుజులో గుర్రాలు, బండ్లు ఎక్కేలా చుట్టూ తిరిగే వాలుదారి కట్టారు.

బ్లువాలో స్టేషన్ నుంచి కోట పది నిమిషాల నడక. నాలుగు వైపులా నాలుగు కాలాల కట్టడాలు. 1588 డిసెంబరులో రాజు మూడో హెన్రీ తన శత్రువు గీజ్ డ్యూక్‌ను చంపించింది ఇక్కడే.

షాంబోర్ అన్నిటికంటే పెద్దది, దానికి మాత్రం రైలు లేదు. సీజన్‌లో బ్లువా స్టేషన్ నుంచి షటిల్ బస్సు ఉంటుంది, జూన్‌లో మీకు దొరుకుతుంది. రోజుకు కొన్నే ట్రిప్పులు కాబట్టి బస్సు టైము చూసుకుని, దాన్నిబట్టి రైలు ఎంచుకోండి. 1519లో మొదలైన ఆ కోటలో మధ్యలో ఒక మెట్లదారి ఉంది. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగుతుంటారు, కిటికీల్లోంచి ఒకరికొకరు కనిపిస్తారు గానీ ఎదురుపడరు. మన పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి మీద నీడ పడే తీరు చూసి ఆ శిల్పులు ఎలా ఆలోచించారా అనుకుంటాం చూడండి, నాకు అక్కడ అదే అనిపించింది. మెట్లు ఎక్కలేకపోతే కింద నిలబడి చూసినా అర్థమవుతుంది.

బస్సు కుదరకపోతే తూర్ నుంచి ఏడెనిమిది మందిని ఎక్కించుకుని రోజంతా తిప్పే మినీ వ్యాన్లు ఉన్నాయి. ఒక్క రోజుకు అది తీసుకోండి. విలాండ్రి తోటలు కూడా అలాగే చూడొచ్చు. మిగిలిన డబ్బులు, మిగిలిన రోజు తూర్ పాత బజారుకు ఉంచుకోండి.

ప్రశ్న: మేడమ్, మేం పూర్తి శాకాహారులం. గుడ్డు కూడా తినం. ఫ్రాన్స్‌లో తిండి ఎలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వంట చేసుకునే వీలున్న గది తీసుకోమ్మా, సగం బెంగ తీరిపోతుంది. హోటళ్లలో మధ్యాహ్నం వంట 12 నుంచి 2 దాకే, తర్వాత మళ్లీ రాత్రి ఏడింటికి. కోట చూసి మూడింటికి బయటికొస్తే బేకరీయే దిక్కు. అక్కడ బాగెట్ రొట్టె నిశ్చింతగా తినొచ్చు, అందులో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టే. కీష్ అని కనిపించేదాంట్లో గుడ్డు ఉంటుంది, చాలాసార్లు పంది మాంసం ముక్కలు కూడా. ఆ ప్రాంతపు మేకపాల చీజు సాంత్-మోర్, మధ్యలో గడ్డిపరక గుచ్చి ఉంటుంది, చాలా రుచి అంటారు. కానీ అక్కడి చీజుల్లో చాలావాటికి పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసే పదార్థం వాడతారు. మీరు పట్టింపు ఉన్నవాళ్లయితే అడక్కుండా కొనొద్దు. నేను అటుకులు, పల్లీల పొడి, ఎండు చింతపండు పులుసు కలిపిన పులిహోర ముద్ద డబ్బాలో తీసుకెళ్లాను. బియ్యం అక్కడే కొన్నాం. పది రోజులూ రాత్రి భోజనం గదిలోనే.