రెండు రోజులకే మొద్దుబారే కత్తికి సానరాయే మందు

లాగే షార్పనర్‌లో ఎన్నిసార్లు లాగినా మీ స్టీలు కత్తి రెండు రోజులకే టమాటా తొక్క మీద జారిపోతోందన్నారు కదండీ. తప్పు కత్తిది కాదు. ఆ షార్పనర్ అంచుని చెక్కేసి గరుగ్గా వదిలేస్తుంది.

ఒకవైపు 400, ఇంకోవైపు 1000 గ్రిట్ (రాయి గరుకుదనం లెక్క, అంకె పెరిగేకొద్దీ నునుపు) ఉన్న సానరాయి కొనండి. నీళ్లలో నానబెట్టి తడిగుడ్డ మీద పెడితే రాయి కదలదు. వాలు ఎంతో తెలియాలంటే కాగితం మూలని రెండుసార్లు సగానికి మడవండి, దాదాపు 22 డిగ్రీలు వస్తుంది. కత్తిని అంతే వాలుగా పట్టి 400 వైపు రుద్దుతుంటే, అవతలి వైపు బొటనవేలికి సన్నటి గరుకు తగులుతుంది (వేలిని అంచు వెంట నడపకండి, పక్కనుంచి బయటికి జరపండి). ఆ గరుకు మొన నుంచి పిడి దాకా వచ్చాకే కత్తి తిప్పాలి. నేనూ మొదట్లో ఇక్కడే తొందరపడి చెడగొట్టాను. తర్వాత 1000 వైపు తేలిగ్గా, చివర్లో పాత తోలు బెల్టు మీద అంచు వెనక ఉండేలా లాగితే సరి.

చేపల కత్తిపీటకి 400 వైపు చాలు. పీటని కదపకుండా రాయినే అంచు మీద నడపండి. వేల రూపాయలు పోసి తెచ్చిన పులసని మొద్దు కత్తిపీటతో నలిపితే ఇంట్లో ఏమంటారో మీకు తెలియనిదా! మన కోనసీమ తడిగాలికి ఇనుము ఇట్టే తుప్పెక్కుతుంది, పని అవగానే తుడిచి కొబ్బరినూనె రాయండి.