ఇన్యూట్ కథల్లో పిల్లలను ఎత్తుకుపోయే ఖల్లుపిల్లుక్ ఎవరు?

ఖల్లుపిల్లుక్ అంటే ఉత్తర కెనడాలోని ఇన్యూట్ ప్రజల కథల్లో సముద్రపు మంచు కింద ఉంటూ, ఒంటరిగా ఒడ్డుకు వచ్చే పిల్లలను నీళ్లలోకి లాక్కుపోయే జీవి.

అక్కడ శీతాకాలంలో సముద్రం గడ్డకడుతుంది. జనం దాని మీదే నడుస్తారు, వేటాడతారు. కానీ ఆటుపోట్లకు ఒడ్డు దగ్గర మంచు పగులుతుంది. ఎండలు మొదలయ్యాక, పైకి గట్టిగా కనిపించే మంచు కూడా బలహీనపడుతుంది. ఆ నీళ్లలో పడితే నిమిషాల్లోనే కాళ్లూ చేతులూ పనిచేయవు. "పగుళ్ల దగ్గరికి వెళ్లకు" అని ఊరికే చెబితే చిన్నపిల్లలు ఆటలో పడి మర్చిపోతారు. "అక్కడ ఖల్లుపిల్లుక్ ఉంది" అంటే మాత్రం గుర్తుంచుకుంటారు.

ఇక దాని బట్టలు చూడండి. ఇన్యూట్ తల్లులు అమౌటి అనే కోటు వేసుకుంటారు, దానికి వీపు మీద బిడ్డను కూర్చోబెట్టుకునే సంచి ఉంటుంది. ఖల్లుపిల్లుక్ కూడా అలాంటిదే వేసుకుని, దొరికిన పిల్లలను అందులో పెట్టుకుపోతుందట. అమ్మ వీపు మీది వెచ్చని చోటే ఇలా మారిపోవడం ఈ కథలో అన్నిటికన్నా భయపెట్టే సంగతి.

కొందరు దీన్ని ఇన్యూట్ కథల్లోని సముద్ర దేవత సెడ్నా అనుకుంటారు. అది పొరపాటు. సెడ్నా సముద్ర జంతువులకు తల్లి. సీల్‌లు, తిమింగలాలు ఆమె తెగిన వేళ్ల నుంచి పుట్టాయని కథ. ఆమెకు కోపం వస్తే వేట దొరకదు.