పేరు అమెరికాది, క్యాంపస్ చైనాలో... చేర్పించవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చివరి సంవత్సరంలో ఉంది. చిప్‌ల తయారీలో వాడే పదార్థాల మీద అమెరికాలో పీహెచ్‌డీ చేయాలని కోరిక. ఒక అమెరికా విశ్వవిద్యాలయం చైనాలో అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి నడుపుతున్న క్యాంపస్‌లో ఎంఎస్ సీటు వచ్చింది. డిగ్రీ అమెరికాదే, ఫీజు తక్కువ, పీహెచ్‌డీకి అమెరికా వెళ్లడం సులువు అని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. పరిశోధన భద్రత పేరుతో ఇలాంటి విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వ నిధులు ఆపేస్తారని పత్రికలో చదివాను. ఆఫర్ లెటర్ జత చేశాను. ఖర్చుకు బీసీ విదేశీ విద్యానిధి వస్తుందని, మిగతాది పొలం తాకట్టు పెట్టి చూసుకోవచ్చని అనుకుంటున్నాం. చేర్పించమంటారా? వీసా దగ్గర ఇబ్బంది అయితే చైనా సంగతి రాయకుండా వదిలేయవచ్చని కూడా కన్సల్టెన్సీ వారు అన్నారు.

జవాబు: వద్దండీ. మీ అమ్మాయి ఎంఎస్ ముగించి ఉద్యోగం చూసుకుంటానని ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. ఆమె గమ్యం పీహెచ్‌డీ, అదీ చిప్‌ల మీద. అమెరికాలో పీహెచ్‌డీ విద్యార్థికి నెలనెలా అందే స్టైపెండ్, ఫీజు మినహాయింపు చాలావరకు ప్రొఫెసర్ ప్రభుత్వ సంస్థల నుంచి తెచ్చుకున్న ప్రాజెక్టు డబ్బులోంచి వస్తాయి. ఆ డబ్బు ఇచ్చేవారు ఇప్పుడు ఏం అడుగుతున్నారన్నదే మీరు చూడాల్సింది.

మీరు పంపిన ఆఫర్ లెటర్ మొత్తం చదివాను. మొదటి పేజీ నిండా అమెరికా విశ్వవిద్యాలయం పేరు, ముద్ర. నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ప్రయోగశాలలు, థీసిస్ పర్యవేక్షణ భాగస్వామ్య విశ్వవిద్యాలయం సమకూరుస్తుంది. అంటే మీ అమ్మాయి రెండేళ్లు పనిచేసేది ఆ చైనా సంస్థ ల్యాబ్‌లో. పొలం కొనేటప్పుడు పాస్‌బుక్ మీద పేరు చూసి ఊరుకోం కదా, ఈసీ తీయించి లింకు పత్రాలన్నీ చూస్తాం. ఇక్కడ కూడా ఆ భాగస్వామి ఎవరో తీయించి చూడాలి.

ఎందుకింత పట్టింపు అంటే, జార్జియా టెక్ విషయం చూడండి. చైనాలోని షెన్‌జెన్‌లో తియాన్‌జిన్ విశ్వవిద్యాలయంతో కలిసి అది ఒక సంస్థ నడిపింది. 2020 డిసెంబరులో అమెరికా వాణిజ్య శాఖ తియాన్‌జిన్‌ను ఎగుమతి ఆంక్షల జాబితాలో, అంటే అమెరికా సాంకేతికత పంపాలంటే లైసెన్సు కావాల్సిన సంస్థల జాబితాలో చేర్చింది. 2024 జనవరిలో రెండు సంస్థల శాస్త్రవేత్తలు గ్రాఫీన్ అనే కార్బన్ పదార్థంతో సెమీకండక్టర్ (చిప్‌ల తయారీకి మూల పదార్థం) తయారుచేశామని ప్రకటించారు. శాస్త్రంగా చూస్తే చాలా గొప్ప పని. కానీ మే నెలలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ నుంచి ఆ భాగస్వామ్యంపై ప్రశ్నలు వచ్చాయి. సెప్టెంబరులో జార్జియా టెక్ షెన్‌జెన్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2025 జనవరిలో మిషిగన్ విశ్వవిద్యాలయం కూడా షాంఘై జియావో టాంగ్‌తో పెట్టుకున్న ఉమ్మడి సంస్థను వదులుకుంటున్నట్టు చెప్పింది. మీ అమ్మాయి రంగం సరిగ్గా ఈ గొడవ నడిమధ్యలో ఉంది.

అలాగని విదేశాల్లో క్యాంపస్ ఉంటే నిధులన్నీ ఆగిపోతాయన్నది నిజం కాదు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి కున్‌షాన్‌లో, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి షాంఘైలో క్యాంపస్‌లు ఉన్నా వాటి అమెరికా క్యాంపస్‌లకు ప్రభుత్వ నిధులు అందుతూనే వచ్చాయి. షరతులు మాత్రం బిగిశాయి. పరిశోధనలకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులను విదేశీ క్యాంపస్‌లో ఖర్చు పెట్టాలంటే ఆ పని అక్కడే ఎందుకు చేయాలో, సొంత దేశంలో ఎందుకు కుదరదో ప్రతిపాదనలోనే రాసి ఒప్పించాలి. 2022లో అమెరికా తెచ్చిన చిప్స్ అండ్ సైన్స్ చట్టం చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాలను ఆందోళనకర దేశాలుగా పేర్కొంది. వాటి నుంచి 50 వేల డాలర్లు, అంతకు మించి అందితే ఆ విశ్వవిద్యాలయం లెక్క చెప్పాలి. ఆ జాబితాలో భారత్ లేదు. కాబట్టి మీ అమ్మాయి భారతీయురాలు కావడం వల్ల ఈ చట్టంతో ఇబ్బంది లేదు. ఆమె ఏ ల్యాబ్‌లో, ఎవరి డబ్బుతో పనిచేసిందన్న ప్రశ్న మాత్రం వెంట వస్తుంది.

మీ ఉత్తరం చివర్లో రాసిన మాట నన్ను బాగా కలవరపెట్టింది. వీసా దగ్గర ఇబ్బంది అయితే చైనా సంగతి రాయకుండా వదిలేయవచ్చని కన్సల్టెన్సీ వారు చెప్పారన్నారు. దయచేసి ఆ మాట ఇంట్లో ఇంకోసారి రానివ్వకండి. అమెరికా వీసా దరఖాస్తు గత ఐదేళ్లలో వెళ్లిన దేశాలను అడుగుతుంది. దాచినట్టు తేలితే శాశ్వతంగా అనర్హత పడే ప్రమాదం ఉంది. కీలక సాంకేతిక రంగాల్లో చదివినవారి దరఖాస్తులను అదనపు పరిశీలన కోసం నెలల తరబడి ఆపడం మామూలే, దానికి ఓపిక పడితే సరిపోతుంది. అబద్ధానికి మందు లేదు. ఇంత తెలివైన పిల్ల భవిష్యత్తును ఒక ఏజెంటు కమీషన్ కోసం పణంగా పెట్టవద్దు.

బీసీ విదేశీ విద్యానిధి కింద 20 లక్షలు వస్తాయన్న లెక్కతో ఉన్నారు. ఆ పథకం నిర్ణీత దేశాలకే వర్తిస్తుంది. డిగ్రీ మీద అమెరికా పేరున్నా తరగతులు జరిగేది చైనాలో. నల్గొండలో జిల్లా బీసీ సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆఫర్ లెటర్ చూపించి, అర్హత ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

నేనైతే గేట్ రాయిస్తాను. మన పక్కనే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, బెంగళూరులో ఐఐఎస్‌సీ ఉంది. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అక్కడ చిప్‌ పదార్థాల మీద ఒక మంచి థీసిస్ చేసి, ఆ గైడ్ సిఫారసు లేఖతో అమెరికాకు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మీ పొలం తాకట్టు పెట్టాల్సిన పని కూడా ఉండదు. బ్రిటన్ వైపు చూస్తే, ఇలాంటి సబ్జెక్టుల్లో భారతీయులకు ఏటీఏఎస్ అనే అనుమతి పత్రం కావాలి. దానికి రుసుము లేదు గానీ 30 పని దినాలైనా పడుతుంది, ముందే మొదలుపెట్టాలి.

అమ్మాయి ఇంకా ఆ సీటు మీదే మనసు పెట్టుకుని ఉంటే, ఆమె చేతే అమెరికా క్యాంపస్ అడ్మిషన్ల కార్యాలయానికి ఈమెయిల్ రాయించండి. భాగస్వామి ఆంక్షల జాబితాలో ఉందా, థీసిస్ గైడ్ ఏ సంస్థ ఉద్యోగి, మధ్యలో ఒప్పందం రద్దయితే చేరినవారి డిగ్రీ ఎలా పూర్తి చేయిస్తారు అని అడగాలి. జవాబులు కన్సల్టెన్సీ నుంచి కాకుండా విశ్వవిద్యాలయం నుంచే రావాలి. అవి వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి, వచ్చాక నాకు పంపండి, కూర్చుని చూద్దాం.