రంగు గీకే ముందు ఒక మాట

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశాను. పాత స్టీలు రోడ్ బైకు దొరికిందని, ముందు గ్రైండరుతో రంగంతా గీకేసి కొత్త రంగు వేయిస్తానని, తర్వాత కొత్త గేర్లు పెడతానని రాశావు. నీ ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంది కానీ, తల్లీ, ఆ వరుస నాకు నచ్చలేదు. రంగు ఆఖరి పని. చాలా సైకిళ్లకి అసలు అక్కర్లేని పని. మొదట ఫ్రేము సరిగ్గా ఉందో లేదో చూడాలి, తర్వాత కొలతలు తీయాలి. ఈ రెండూ అయ్యేదాకా ఒక్క సామాను కూడా కొనకు.

హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం వెనకనుంచి రెండు గొట్టాలు బయల్దేరతాయి కదా, వాటి అడుగు భాగం వేలితో తడుముతూ రా. అక్కడ చిన్న అల లాంటి ఉబ్బు తగిలినా, రంగు అడ్డంగా చిట్లి ఉన్నా ఆ సైకిల్ ఎప్పుడో దేనికో ఎదురుగా గుద్దుకున్నదని అర్థం. పక్కనుంచి చూస్తే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లు, ముందుకు వంగే చోటి దాకా, ఆ పొట్టి గొట్టంతో ఒకే గీతలో ఉండాలి. వెనక్కి జరిగినట్టు కనిపిస్తే ఫోర్కు వంగింది. చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్ల దగ్గర, పెడల్ ఇరుసు (రెండు పెడళ్ల చేతుల్నీ కలిపేది) వెనక గొట్టాల మీద, సీటు బిగించే లగ్గు (గొట్టాల్ని కలిపే తొడుగు) దగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూడు. రంగు మీద సన్నటి గీతలోంచి తుప్పు కారుతుంటే అనుమానించాలి. పైపై తుప్పు మచ్చలకి మాత్రం భయపడకు, అవి పోతాయి.

తర్వాత దారం పరీక్ష. ఒక వెనక డ్రాపౌట్‌కి దారం కట్టి, హ్యాండిల్ కింది ఆ పొట్టి గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి రెండో డ్రాపౌట్‌కి బిగువుగా కట్టు. సీటు గొట్టం నుంచి రెండు పక్కల దారానికీ దూరం కొలువు. రెండూ సమానంగా ఉంటే వెనక భాగం వంకర లేదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా చెయ్యి తిరిగినవాళ్లు సరిచేయగలరు. గొట్టం అల తిరిగి ఉన్నా, పగులు కనిపించినా ఆ ఫ్రేము మీద ఎక్కకు. దాని మీద మనసు ఎంత పడినా సరే.

ఫ్రేము ఏ రకం ఉక్కో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. రేనాల్డ్స్ 531, కొలంబస్, టాంగే లాంటి గొట్టాల కంపెనీల పేర్లున్న స్టిక్కరు సీటు గొట్టం మీద మిగిలి ఉంటే మంచిదే. చెరిగిపోయినా సీట్ పోస్ట్ (సీటుని మోసే కడ్డీ) బయటికి తీసి వెర్నియర్ కొలత పనిముట్టుతో వ్యాసం కొలిస్తే చాలావరకు తెలుస్తుంది. 27.2 మి.మీ. ఉంటే సాధారణంగా పలచటి, మంచి గొట్టాలు. 25.4, 26 దగ్గర ఉంటే గోడ మందమైన మామూలు ఉక్కు. ఏ ఉక్కయినా బరువూ బిరుసుతనమూ దాదాపు ఒకటే. గట్టి ఉక్కయితే గోడ పలచగా చేయొచ్చు, తేలిక అక్కడినుంచే వస్తుంది. అతుకు వేడి తగిలే చివర్లలో మందంగా, నడుమ పలచగా గొట్టాలు లాగే పద్ధతికి రేనాల్డ్స్ వాళ్లు 1897లోనే పేటెంటు తీసుకున్నారు. 531 వచ్చింది 1935లో. అలాంటి గొట్టాల్లో నడిమి గోడ 0.6 మి.మీ. దగ్గర ఉంటుంది, కొన్నిటికి అంతకన్నా తక్కువే. అందుకే గ్రైండరు పెట్టి రంగు గీకుతానంటే నాకు గుండె ఝల్లుమంది. రంగుతోపాటు ఉక్కూ పోతుంది, పోయినట్టు కంటికి తెలియదు కూడా.

విప్పడం సీట్ పోస్ట్, స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే భాగం)లతో మొదలుపెట్టు. అవి కదలకపోతే మిగతా లెక్కంతా మారిపోతుంది. ఉక్కు గొట్టంలో అల్యూమినియం పోస్ట్ ఏళ్ల తరబడి తడి తగులుతూ ఉండిపోతే పొక్కి, గొట్టానికి కరుచుకుపోతుంది. తుప్పు వదిలించే నూనె పైనుంచి పోసి, సైకిల్ తలకిందులు చేసి పెడల్ ఇరుసు వైపునుంచి కూడా పోసి, కొన్ని రోజులు ఊరనివ్వు. పోస్ట్‌కి పాత సీటు గట్టిగా బిగించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పు. పోస్ట్ ఎంత మొండికేసినా ఫ్రేము గొట్టాన్ని మాత్రం పైపు రెంచితో పట్టకు. అప్పటికీ రాకపోతే పోస్ట్‌ని పైన కోసేసి, లోపలినుంచి రంపం బ్లేడుతో నిలువుగా చీల్చి ముడిచి తీయాలి. రోజంతా పట్టే పని, కానీ ఫ్రేము దక్కుతుంది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుందని ఎవరైనా చెబితే ఆ జోలికి పోకు. మండే వాయువు పుడుతుంది, చర్మం కాలుతుంది, రంగూ పోతుంది. స్టెమ్ సంగతి సులువు: పై బోల్టు నాలుగైదు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్క పెట్టి ఒక్క దెబ్బ వేస్తే లోపలి చీల ఊడుతుంది.

ఎడమ పెడల్‌ది ఎడమ మర, అంటే మామూలుకి తిరగేసి తిప్పితే ఊడుతుంది, మరిచిపోకు. పెడల్ ఇరుసు తిరిగే బాల్స్ కూర్చునే గిన్నెల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లీషు కొలతలో మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, గొట్టం వెడల్పు 68 మి.మీ., చైన్ వైపు గిన్నెది ఎడమ మర. ఇటాలియన్‌లో 36 మి.మీ. మర, 70 మి.మీ. వెడల్పు, రెండు వైపులా కుడి మరే. ఫ్రెంచిలో 35 మి.మీ., అదీ రెండు వైపులా కుడి మరే. గిన్నె అంచు మీద అక్షరాలు చదివి, ఏదో తేలాకే పానా పెట్టు. ఫ్రెంచిది అయితే ఉన్న గిన్నెల్ని ప్రాణంలా చూసుకో, కొత్తవి దొరకడం కష్టం. చైన్ వైపు గిన్నె నున్నగా ఉంటే తీయనే అక్కర్లేదు. ఉన్నచోటే తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, పావు అంగుళం బాల్స్ పక్కకి పదకొండు చొప్పున వేయి. పాత బాల్స్ మెరుస్తున్నా మళ్లీ వాడకు. ముందు చక్రం హబ్బులో (చక్రం నడిమి భాగం) సాధారణంగా 3/16 అంగుళం బాల్స్, వెనక చక్రంలో పావు అంగుళానివి ఉంటాయి. క్రాంకులకి (పెడళ్ల చేతులకి) కాటర్ పిన్నులు, అంటే వాటిని ఇరుసుకి బిగించే చీలలు ఉంటే కింద గట్టి ఆధారం లేకుండా సుత్తి ఎత్తకు. పిన్ను మర నలిగిందంటే ఆ పని మూడింతలవుతుంది.

తుప్పుకి ఆక్సాలిక్ ఆమ్లం చాలా బాగా పనిచేస్తుంది, రంగుని అంతగా ముట్టుకోదు. అయినా కనిపించని మూల ఒకసారి చూసి వాడు. అది విషం. చేతికి తొడుగులు, పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ తప్పనిసరి. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టు. క్రోము మీది తుప్పుకి అల్యూమినియం రేకు ముక్క నీళ్లలో తడిపి రుద్దితే చాలు. గొట్టాల లోపల మరగించిన అవిసె నూనె పోసి తిప్పితే తడి పట్టదు, కానీ ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకు. వాటంతటవే నిప్పంటుకుంటాయి. విప్పి పరిచి ఆరబెట్టాలి.

ఇక మార్పులు. నన్నడిగితే నీ డబ్బులో పెద్ద భాగం చక్రాలకీ బ్రేకులకీ పోవాలి. పాత క్రోము ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. ఒక్క అల్యూమినియం రిమ్ము పెడితే అది వేరే సైకిల్ అయిపోతుంది. పాతవి 27 అంగుళాల చక్రాలైతే టైరు కూర్చునే వ్యాసం 630 మి.మీ., ఇప్పటి 700సి అయితే 622. అంటే బ్రేకు రబ్బరు 4 మి.మీ. కిందికి దిగాలి. బ్రేకు బోల్టు రంధ్రం నుంచి రిమ్ము నడిమి దాకా కొలువు. 47 నుంచి 57 మి.మీ. దాకా అందే డ్యూయల్ పివట్ (రెండు కీళ్ల) బ్రేకులు చాలా పాత ఫ్రేములకి సరిపోతాయి. ఇప్పటివి పొట్టి గొట్టపు నట్టుతో వస్తాయి, వాటి కోసం ఫోర్కుకి రంధ్రం పెద్దది చేయమంటారు. నేను చేయనివ్వను. బయటి నట్టుతో బిగించే రకం వెతుక్కో. కొత్త బ్రేకులు కొనేముందు పాతవాటికే కొత్త రబ్బర్లు, కొత్త కేబుళ్లు, లోపల నున్నటి పూత ఉన్న కేబుల్ తొడుగులు వేసి చూడు, సగం కష్టం అక్కడే తీరుతుంది. టైరు మాత్రం ఫ్రేములో పట్టినంత వెడల్పుది, 28 లేదా 32 మి.మీ., పక్కలు మెత్తగా ఉన్నది తీసుకో. స్టీలు సైకిల్ హాయి అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

పాత చక్రం రిమ్ము మార్చి హబ్బు ఉంచుకోవాలనుకుంటే ముందు ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) విప్పు. స్పోకులు కోసేశాక ఫ్రీవీల్ తిప్పడానికి పట్టు దొరకదు, ఇక ఆ హబ్బు నుంచి అది రాదు.

వెనక డ్రాపౌట్ల మధ్య దూరం అయిదు పళ్ల చక్రాల కాలంలో 120 మి.మీ., ఆరేడు ఉన్నప్పుడు 126, ఎనిమిది నుంచి 130. నీది 126 అయితే డ్రాపౌట్లని చేత్తో కాస్త ఎడం చేసి పెట్టినా 130 హబ్బు కూర్చుంటుంది. 120 అయితే ఫ్రేమునే చల్లగా ఉండగా వంచి వెడల్పు చేయాలి, పక్కకి 5 మి.మీ. ఉక్కు ఒప్పుకుంటుంది, అల్యూమినియం, కార్బన్ ఒప్పుకోవు. కొంచెం కొంచెంగా, ఒక్కో పక్క, ప్రతిసారీ దారం కట్టి చూసుకుంటూ చేయాలి. చివర్లో డ్రాపౌట్లు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేకపోతే ఇరుసులు విరుగుతాయి. దీనికి పనిముట్లున్న మనిషి దగ్గరికి వెళ్లు.

గేర్ల విషయంలో నా మాట విను: కింది గొట్టం మీది మీటలు అలాగే ఉంచు. అవి క్లిక్కులు లేని రకమైతే ఏ ఫ్రీవీల్‌తోనైనా పనిచేస్తాయి. 1984లో షిమానో కంపెనీ తెచ్చిన క్లిక్కుల పద్ధతిలో అయితే మీట, డెరైల్యూర్ (చైన్‌ని పళ్ల చక్రాల మధ్య జరిపే భాగం), పళ్ల చక్రాలు ఒకదానికొకటి కుదరాలి. ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి. క్లిక్కులు లేని మీటలతో మార్చదగ్గది వెనక డెరైల్యూర్. పళ్ల చక్రాల వాలుకి తగ్గట్టు ఏటవాలుగా కదిలే పద్ధతి సన్‌టూర్ వాళ్లు 1964లో కనిపెట్టారు. ఆ పేటెంటు గడువు 1984లో తీరాక అందరూ అదే చేశారు. అందుకని ఇప్పటి మామూలు డెరైల్యూర్ కూడా ఆ రోజుల్లో పేరుమోసిన చాలావాటికన్నా శుభ్రంగా గేరు మారుస్తుంది. పెద్ద పళ్ల చక్రం ఉన్న ఫ్రీవీల్, కొత్త చైన్ కలిపితే ఎత్తు ఎక్కడం సులువవుతుంది. చైన్‌లో పన్నెండు జతల లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలుండాలి. పదహారో వంతు అంగుళం సాగినా మార్చు.

తీసిన ప్రతి సామాను చీటీ కట్టి ఒక పెట్టెలో దాచు. ఏ మార్పయినా మళ్లీ పాత స్థితికి తెచ్చుకునేలా చెయ్యి. ఇటలీలోని గాయోలే ఇన్ కియాంటీలో 1997 నుంచి ఎరోయికా అనే యాత్ర జరుగుతోంది. ప్రధానంగా 1987కి ముందటి సైకిళ్లకే అక్కడ చోటు, మీటలు సాధారణంగా కింది గొట్టం మీదే ఉండాలి. నీకెప్పుడైనా అలాంటి కోరిక పుడితే ఆ పెట్టె చాలు.

రంగు సంగతి ఇప్పుడు. సబ్బు నీళ్లతో కడుగు, కారు పాలిష్ పట్టించు, మైనం రుద్దు. ఊడిన చోట్ల తుప్పు తీసి చిన్న కుంచెతో రంగు అద్దు. ఫ్యాక్టరీ రంగు, చేత్తో దిద్దిన లగ్గు అంచులు ఒకసారి పోతే ఎవరూ తిరిగి తేలేరు. ఫ్రేము రంగు సగానికి సగం ఊడిపోయి ఉంటే అప్పుడు వేరే మాట. నీ ఫోటోల్లో అలా లేదు.

అన్నీ బిగించాక మొదటిసారి దగ్గర్లోనే తిరిగి రా. స్టెమ్ మీద గీత గొట్టం లోపలికి దిగి ఉండాలి, బయటికి కనిపించకూడదు. తిరిగొచ్చాక క్రాంకు బోల్టులు మళ్లీ బిగించు, సాగిన కేబుళ్లు లాగు, చక్రాలు వంకర తిరిగాయేమో చూడు. కొత్త స్పోకులు సర్దుకుంటాయి, ఒకసారి వాటి బిగువు సరిచేసుకోవాల్సిందే.

దారం పరీక్ష ఫలితం, సీట్ పోస్ట్ కొలత, వెనక డ్రాపౌట్ల దూరం, పెడల్ ఇరుసు గొట్టం వెడల్పు, బ్రేకు అందే దూరం, ఈ అయిదూ రాసి పంపు. గిన్నె అంచు మీది అక్షరాల ఫోటో కూడా. చక్రాలు ఏవి కొనాలో అవి చూసి చెబుతాను.

మీ పెదనాన్న