సోవియట్ సినిమా గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. 1919లో లెనిన్ చిత్రపరిశ్రమను జాతీయం చేయడం, షాట్లను పక్కపక్కన జోడించి కొత్త అర్థం పుట్టించే మాంటాజ్ సిద్ధాంతం, సెన్సారు, అన్నీ రాశావు. పడిన శ్రమ తెలుస్తోంది. కానీ ఆసాంతం చదివినా ఒక్క దృశ్యం కూడా కళ్లకు కట్టలేదు. సినిమా మీద రాసేవాడికి అంతకు మించిన లోటు లేదు.

1957లో మిఖాయిల్ కలతోజోవ్ తీసిన ‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ను కాన్ చిత్రోత్సవం అవార్డు ప్రస్తావనతో దాటేశావు. మళ్లీ చూడు. యుద్ధానికి వెళ్తున్న ప్రియుడు బోరిస్‌ను చూడాలని వెరోనికా బస్సులో వస్తుంటుంది. కెమెరా ఆమె ముఖాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. బస్సు ఆగగానే ఆమె దిగి జనంలోకి చొరబడుతుంది. కెమెరా కూడా దిగి వెంట నడుస్తుంది, ఉన్నట్టుండి పైకి లేస్తుంది. కింద ట్యాంకుల మధ్య నుంచి ఆమె పరుగెడుతూ కనిపిస్తుంది. ఎక్కడా కట్ లేదు. ఛాయాగ్రాహకుడు ఉరుసెవ్‌స్కీ యుద్ధకాలంలో సైన్యంతో తిరిగిన కెమెరామన్. ఆ అనుభవం ఈ షాట్‌లో కనిపిస్తుంది.

స్టాలిన్ మరణం తర్వాత వచ్చిన మార్పు గురించి పేజీలు నింపావు. ఆ మార్పును ఈ సినిమాలోనే చూపించవచ్చు. అంతకుముందు యుద్ధచిత్రాల్లో నాయకుడికీ విజయానికీ పెద్దపీట. ఇక్కడ కథ ప్రియుడు యుద్ధంలో ఉండగా మరొకరిని పెళ్లాడిన అమ్మాయిది. దర్శకుడు ఆమెను బోనెక్కించడు.

ఎడిటింగ్ గురించి రాసినచోట ఎలిజవేతా స్విలోవా పేరే లేదు, అది నాకు బాధనిపించింది. దర్శకుడు వెర్తోవ్ 1929లో తీసిన ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’కు ఎడిటర్ ఆమే, అందులో తెరమీదే కనిపిస్తుంది. బల్ల ముందు కూర్చుని ఫిల్ము ముక్కలను వెలుగులో పరిశీలిస్తుంది. ఆ ముక్కల్లో బొమ్మల్లా నిలిచిపోయిన పిల్లల ముఖాలు మరుక్షణం కదులుతాయి. మాంటాజ్ అంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకో మాట. అందరినీ ‘రష్యన్ దర్శకులు’ అనేశావు. కలతోజోవ్ జార్జియా వాడు, దొవ్జెంకో ఉక్రెయిన్ వాడు, పరజానోవ్ అర్మేనియన్. వాళ్ల సినిమాల్లో ఆ నేలలు, పాటలు, ముఖాలు ఉన్నాయి. ఇది తప్పక సవరించు.

సెన్సారు అధ్యాయాన్ని దర్శకుడు అస్కోల్దోవ్ తీసిన ‘కమిసార్’తో మొదలుపెట్టు. 1967 నాటి ఆ చిత్రాన్ని 1987 దాకా తొక్కిపెట్టారు. ఆయన మరో కథాచిత్రం తీయలేదు. గర్భవతి అయిన ఎర్రసైన్యపు అధికారిణి ఒక పేద యూదు కుటుంబం ఇంట్లో బిడ్డను కంటుంది. ముందు ఆ ఇంటిని, ఆ తల్లిని పాఠకుడికి చూపించు, నిషేధం సంగతి తర్వాత చెప్పు. ఆ భాగం రాయగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య